ఘాటు చీరలు

మంగళగిరి నుంచి వెళ్లిన నేత చీరల మూట విప్పగానే, విజయవాడ దుకాణంలో యజమానురాలు రాజేశ్వరి మొదలు గుమ్మం దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ వరసగా తుమ్మారు. మూట పంపింది నసీమున్నీసా. ఆమె గంజి పెట్టి చీరలు ఆరేసిన మేడ మీదే పక్కింటివాళ్లు కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీశారు. మడత పెట్టే ముందు ప్రతి చీర అంచునూ చెంపకు ఆనించి చూసుకోవడం నసీమున్నీసా అలవాటు. ఆ రోజు తొందరలో అది మానేసింది గానీ, లేకపోతే మొదటి తుమ్ము ఆమెదే అయ్యేది.

"అన్నీ వెనక్కి పంపేస్తున్నానండీ," అని ఫోన్లోనే తుమ్మింది రాజేశ్వరి. ఆ చీరలు నేసిన పానకాలును చీమకుర్తి క్వారీ దుమ్ములోంచి పిలిపించి, మళ్లీ మగ్గం దగ్గర కూర్చోబెట్టింది నసీమున్నీసాయే. బేరం పోతే మగ్గం ఆగుతుంది.

"మళ్లీ రాళ్లకేనా అక్కా?" అన్నాడు పానకాలు, దగ్గు ఆపుకుంటూ.

"నువ్వు నెయ్యరా ముందు," అంది. తిరిగొచ్చిన చీరలను, ముక్కుకు కొంగు చుట్టుకుని ఉతికింది. ఈసారి ఇంట్లోనే ఆరేసి, ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసి, తనే బస్సెక్కి ఇచ్చొచ్చింది.

వారం తిరక్కుండా రాజేశ్వరి మళ్లీ ఫోన్ చేసింది.

"ఇంకొన్ని పంపండి నసీమా గారూ. కాకపోతే, తుమ్ముల కథ విన్న ఒకావిడ, ఘాటే లేదు, ఇది మిల్లు చీరేమో అంటోందండీ."

"మిరపకాయలు అయిపోయాయండీ, నేసినవాడు మాత్రం మగ్గం దగ్గరే ఉన్నాడు, వచ్చి చూసుకోమనండి."