నాకు రాని పొక్కులు

నా చిన్నప్పుడు, నాకూ ఒళ్లంతా పొక్కులు రావాలని దేవుడికి మొక్కుకున్నాను. నవ్వకండి. ఆ ఎండాకాలం పుంగనూరులో మా తమ్ముడికి అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, తాలింపు మానేశారు. వాడు వేపాకు పక్క మీద మహారాజులా పడుకుంటే, అమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకుని కొబ్బరినీళ్లు తాగించేది. నాకేమో మజ్జిగన్నం, అదీ నేనే కలుపుకోవాలి. కడుపు మండిపోయేది.

అంతకన్నా మండిన సంగతి ఇంకొకటుంది. పక్కింటి పిల్లల్ని మా గడప తొక్కనివ్వని అమ్మ, నన్ను మాత్రం వాడికి విసరమని గదిలోకి తోసేది. వాళ్ల పిల్లలు బంగారం, నేను ఏమైపోయినా ఫరవాలేదన్నమాట! సరే, నాకూ వస్తే అమ్మ ఒళ్లో చోటు దొరక్కపోతుందా అని, ఒక మధ్యాహ్నం వాడు తాగి వదిలేసిన కొబ్బరినీళ్లు తాగి, వాడి దుప్పట్లో దూరి పడుకున్నాను. రోజూ లేవగానే చేతులు చూసుకునేదాన్ని. ఒక్కటంటే ఒక్క పొక్కు రాలేదు. ఇంతలో వాడికి తగ్గిపోయి, తలకు నీళ్లు పోసే రోజు కూడా వచ్చేసింది. పెరట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మదనపల్లెలో నర్సు ట్రైనింగ్ చదివే పక్కింటి అక్క సెలవులకు వచ్చి ఉంది. గోడ మీదుగా నన్ను చూసి, సంగతి లాగి, పగలబడి నవ్వింది.

"నీకు రాదులేమ్మా. ఏడాదిన్నర బిడ్డప్పుడే వచ్చి పోయిండాది. కనుబొమ్మ పక్కన ఆ గుంట యాడిదనుకుంటివి?"

మన ఒంట్లోనూ బజార్లో బట్టలు కుట్టే సాయిబులాంటి దర్జీలు ఉంటారని చెప్పింది. కొత్త రోగం వస్తే దాని కొలత పట్టుకుని, దానికి మాత్రమే పట్టే బిగుతు చొక్కాలు కుట్టడానికి వాళ్లకు రోజులు పడతాయట. ఆలోగా మనం మంచాన పడతాం. చొక్కా తొడిగాక రోగం ఆటలు సాగవు. ఆ కొలత తెలిసిన దర్జీలు కొందరు ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోయి, అదే రోగం మళ్లీ వస్తే చిటికెలో కుప్పలుగా కుట్టి పడేస్తారట. మా మనవరాలి పుస్తకంలో ఆ దర్జీలు బి కణాలు, ఆ చొక్కాలు యాంటీబాడీలు. నాకు మాత్రం ఇప్పటికీ దర్జీలే.

"అందుకే మీయమ్మ నిన్ను ధైర్యంగా పంపిస్తాండాది" అంది అక్క.

నా కోపం తగ్గలేదు. మరి అప్పుడు నన్నెవరు చూసుకున్నారని విసురుగా అడిగాను. తమ్ముడి స్నానానికి నీళ్లు కాస్తున్న అమ్మ పొయ్యి దగ్గర నుంచే జవాబిచ్చింది.

"ఎవురు సూస్తారే? నేనే. పక్క మీద దించితే సాలు, గుక్కపెట్టి ఏడుస్తాంటివి. ఒళ్లోనే పెట్టుకోని, కూర్చోనే నిద్రపోతాంటి."

నాకు ఒక్క క్షణం కూడా గుర్తు లేదు. ఒంటికి ఆ రోగం గుర్తుంది, నాకు ఆ ఒడి గుర్తు లేదు.

మొన్న తమ్ముడి మోకాలి ఆపరేషన్‌కి చుట్టాలంతా పళ్లు పట్టుకుని వరస కడితే నాకు మళ్లీ కడుపు మండింది, దాచడమెందుకు. అలా మండినప్పుడల్లా, నాకు దక్కలేదనుకున్నది దక్కే ఉంటుందేమో, నేనే మరిచిపోయానేమో అనిపిస్తుంది. అడుగుదామంటే ఇప్పుడు అమ్మ లేదు. అందుకని, దక్కిందనే అనుకుంటాను.