తాళాలవాడి మొదటి మెట్టు

తాళాలాయన చేతిలో పడ్డ ఏ తాళమూ తెరుచుకోకుండా తిరిగి వెళ్లలేదు. ఓసారి ఆయన వీధిలో నడిచి వెళుతుంటే చాలు, ఒక ఇనప్పెట్టె భయపడి తనంతట తానే మూత తెరిచిందట. చెప్పింది ఆయనే, చూసిందీ ఆయనే.

ఆదివారం మధ్యాహ్నం ఆ తాళాలాయన అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద పాచికల ఆట. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు. గెలిచినకొద్దీ మెట్లెక్కాలి, మెట్టెక్కితే కొత్త విద్య వస్తుంది. కావాలంటే ఒకే మనిషి రెండు పాత్రల మెట్లూ కలిపి ఎక్కవచ్చు, కానీ మొత్తం మీద పదే మెట్లు. ఆట అక్క రాసింది. పుస్తకం రేపే అచ్చుకు వెళుతోంది. తమ్ముడు కల్పించిన ‘తాళాలవాడు’ పాత్ర అందులో ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేలాలి.

“మొదటి మెట్టుకే ఏ తలుపైనా తీస్తాడు, ఏ ఉచ్చులోనూ పడడు, ఏ సంకెళ్లయినా తెంపుతాడు,” అని చదివాడు.

“మిగతా తొమ్మిది మెట్లకీ?”

“పేరుప్రతిష్ఠలక్కా.”

మాంత్రికుడిగా ఆడుతున్న బావ తాళాలవాడి మెట్టు ఒకటి తన కాగితం మీద రాసుకున్నాడు. పావుగంటలో కోట తలుపులన్నీ తీసుకుంటూ వెళ్లి, నిద్రపోతున్న రాక్షసరాజును మంత్రంతో బూడిద చేశాడు. తమ్ముడు ఆడుతున్న అసలు తాళాలవాడు ఇంకా కోట గుమ్మం దగ్గరే ఉన్నాడు.

“నీ సరుకంతా ఒక్క మెట్టులోనే దొరికింది బావమరిదీ. ఇక నీతో పనేముంది?”

“తీసేస్తున్నాను రా తమ్ముడూ,” అంది అక్క.

“చీకటి పడేదాకా ఆగక్కా. ఊరుకునే రకం కాదు నేను.”

కోతలు ఆగిపోయాయి. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు గడియారాల పని పది రోజుల్లో వచ్చేసిందని వదిలేశాడు, కుట్టుపనీ అంతే. తాళాల దగ్గరే ఎందుకు నిలిచాడు? గురువు మొదటి మూడు నెలలూ చేతికి ఇనుము అరగదీసే ఆకురాయి తప్ప ఏమీ ఇవ్వలేదు. తర్వాతిది చూడాలన్న పంతంతో ఉండిపోయాడు, పదిహేనేళ్లు.

రాసిందంతా కొట్టేశాడు. మొదటి మెట్టుకు తాళానికి చెవి ఆనించి లోపలి సంగతి వినడం మాత్రమే. తలుపు తీయడం మూడో మెట్టుకు. ఉచ్చులు ఆరుకు. సంకెళ్లు పదికి.

మళ్లీ ఆడారు. బావ మళ్లీ తాళాలవాడి మెట్టు ఒక్కటే ఎక్కి కోట తలుపుకు చెవి ఆనించాడు.

“లోపల గురక వినిపిస్తోంది,” అంది అక్క.

“వినిపిస్తే? తలుపు తెరవాలిగా!”

“ఇంకో రెండు మెట్లు నాతో రావాలి బావా. మంత్రాలు కాసేపు పక్కన పెట్టు.”

బావ తన కాగితం మీద రాసుకున్న మంత్రాల మెట్లను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. పళ్లు నూరాడు.

“రబ్బరిటియ్యి,” అన్నాడు.

అక్క అచ్చుప్రతిలో తాళాలవాడి కోసం ఒక తెల్లకాగితం చేర్చింది.