తూము ఎవరు మూశారు?

పోయిన వారం రాయచూరులో, మా వీధి చివర బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాక స్తంభానికి అంటించిన కాగితం కంటబడింది. ఇంగ్లీషులో ఒకటే వాక్యం: స్టాపు మార్చబడినది. ఎవరు మార్చారో, ఎక్కడికి మార్చారో లేదు. ఈ వయసులో కోపం మంచిది కాదంటాడు డాక్టరు. ఆయన మా అత్తగారిని చూడలేదు.

రాయచూరులో తరాలుగా ఉన్న ఇంట పుట్టిన నన్ను, కాలువ కింద వరి వేయడానికి కోస్తా నుంచి సింధనూరు దగ్గరి గోరేబాళ వచ్చిన కుటుంబంలో ఇచ్చారు. నా మాటకు వాళ్ళు నవ్వేవారు, వాళ్ళ మాటకు నేను నవ్వేదాన్ని. ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బడిలో పాసివ్ వాయిస్ అంటే నాదే మొదటి మార్కు. పిల్లి పాలు తాగిందన్న వాక్యాన్ని పాలు తాగబడినవని మార్చి, పిల్లిని మాయం చేసేదాన్ని. ఆ విద్య ఎవరికి పనికొస్తుందో అప్పుడు తెలియదు.

ఒక ఏడు వరి పాలుపోసుకునే వేళ మా తూముకు నీళ్ళు ఆగిపోయాయి. మూడోరోజు కాలువ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మామగారు మంచాన ఉన్నందున సేద్యమంతా అత్తగారిదే. గట్టు మీదే చదివి చెప్పమన్నారు.

"తూము మూయబడినది. అసౌకర్యానికి చింతించబడుతున్నది" అన్నాను.

"ఎవరు మూశారంట?"

"అది రాయలే అత్తమ్మా. ఇంగ్లీషుల గిట్లనే రాస్తరు."

"మూసినోడూ లేడు, చింతించేవోడూ లేడు. మరి ఈ సంతకం ఎవరిదే?"

అప్పటికప్పుడు జవాబు రాయించారు. అలవాటు కొద్దీ నేను, నీరు వదలవలసినదిగా కోరబడుతున్నదని రాసి తెలుగులో వినిపించాను. "కోరేది నేను. నా పేరు పెట్టు. మూసినోడి పేరు చెప్పమని కూడా అడుగు" అన్నారు. అలాగే రాశాను.

ఆ సాయంత్రం తూములు చూసుకునే లస్కరు మా అరుగు దగ్గరికి వచ్చాడు. "నేనే మూసిన అమ్మా. పై పొలాల పెద్దమనిషికి నీళ్ళు తక్కువైనయని సాబ్ మూయమన్నడు, మూసిన. దాచేదేముంది" అన్నాడు. అన్ని రోజుల్లో ఆ ఆఫీసు వైపు నుంచి 'నేను' అన్న మనిషి అతనొక్కడే. అత్తగారు మజ్జిగ ఇప్పించారు.

సగం చేను తాలుపోయాక నీళ్ళు వచ్చాయి. వెనకే మా ఉత్తరానికి జవాబు: ఉత్తర్వు లేకుండా తూము ఫలానా లస్కరు చేత మూయబడినది, అతడు పనిలోంచి తొలగించబడినాడు. ఆ ఆఫీసు కాగితాల్లో మొదటిసారి ఒక మనిషి పేరు చూశాం, అదీ స్పెల్లింగు తప్పుతో. పేరు అడిగింది మేమే.

మర్నాడు అత్తగారు నన్ను వెంటబెట్టుకుని, కాలువ ఆఫీసున్న సింధనూరుకు బస్సెక్కారు. ఆఫీసరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆ మనిషి మా అరుగు మీద నిజం చెప్పాడండీ. మూయమన్నది మీరు. ఆ మాటే రాయండి" అన్నారు.

ఆయన నావైపు తిరిగి ఇంగ్లీషులో, ఆఫీసు కాగితాల్లో 'నేను' అని రాయడం మర్యాద కాదని, చదువుకున్నదాన్ని గనక ఆమెకు నేనే నచ్చజెప్పాలని అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"దాన్ని మర్యాద అనరు సార్. తప్పించుకునుడు అంటరు."

అత్తగారి ఎదుట నేను గొంతు పెంచడం అదే మొదలు. బయటికొచ్చాక ఆవిడ బెంచీ మీద చోటు చూపించి, కాగితం చేతికిచ్చారు. పై ఆఫీసుకు అర్జీ రాశాను. ప్రతి వాక్యమూ మనిషితోనే మొదలుపెట్టాను: ఈయన చెప్పారు, అతను మూశాడు, మేము విన్నాం. ఊళ్ళో పదకొండుమంది వేలిముద్రలు వేశారు.

లస్కరును తిరిగి పనిలోకి తీసుకునేసరికి రెండు పంటలు గడిచాయి. అన్నాళ్ళూ అతని భార్య మా చేలో కలుపు తీసింది. ఒక్కనాడూ నన్ను నిష్ఠూరమాడలేదు. ఆడినా బాగుండేదనిపించేది. ఆఫీసరుకు ఏమీ కాలేదు. పెద్ద ఊరికి బదిలీ అయ్యాడు.

కాలం అలాంటిది, ఏం చేస్తామంటారు మావాళ్ళు ఈ సంగతి చెబితే. నేను ఒప్పుకోను. కాలం ఎన్నడూ ఎవరి నీళ్ళూ ఆపలేదు. మనుషులు చేసినవన్నీ నోరులేని దాని మీదికి నెట్టి, ముసలివాళ్ళమైపోయాం.