ఎనుము పాటకు ‘సరే’

నేను పిల్లల పుస్తకాలు రాస్తాను. ఈ మాట తలెత్తుకునే చెప్తాను. నంద్యాలలో నేను పుట్టి పెరిగిన వీధిలో ఇప్పటికీ కొందరు “ఏందో చిన్నపిల్లోళ్లకు రాస్తాది లే” అంటారు. ఆ ‘లే’ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. రాసి చూడండి, తెలుస్తుంది! పెద్దవాళ్లు నచ్చకపోయినా మర్యాద కోసం చివరిదాకా చదువుతారు. పిల్లలు రెండో పేజీలోనే లేచి నీళ్లు తాగడానికి పోతారు.

నేను రాయని రకం లేదు. డోన్ స్టేషన్‌లో టికెట్లు అడిగే దయ్యం కథ రాశాను. కోయిలకుంట్ల శనగ చేలల్లో కాపురం పెట్టిన ఎలుకల కథ రాశాను. చాగలమర్రి బస్సులో తప్పిపోయిన మేకను వెతికిపట్టుకునే అక్కచెల్లెళ్ల కథ రాశాను. జోలపాటలు, పొడుపు కథలు, నవ్వు పాటలు, ఇంకా ఏవేవో. “ఏదన్నా ఒకే రకం రాయండి మేడమ్, షాపులో ఏ వరుసలో పెట్టాల్నో తెలీడంలే” అన్నాడు నంద్యాలలో పుస్తకాలమ్మే ఆయన. “అన్ని వరుసల్లో పెట్టప్పా” అన్నాను.

ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చాక వారమంతా బడిలో పాఠాలు, ఆదివారం చర్చిలో సండే స్కూలు. మా మామ ఆ చర్చికి సంఘ పెద్ద. అబద్ధం అన్నది ఆయన నోట రాదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే చుట్టాల ముందే చెప్పేస్తారు. నా దయ్యం పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చిన రోజు, అట్ట మీది బొమ్మ చూసి పక్కన పెట్టేశారు. తెరవనే లేదు.

“వారమంతా దయ్యాలు రాసి ఆదివారం బైబిలు వాక్యం చెప్తే, పిల్లోళ్లకు ఏది ఎక్కుతాది మ్మా?” అన్నారు.

“రెండూ ఎక్కుతాయి మామా.”

“చూస్తాం. సంఘంలో గూడా ఇదే మాట అనుకుంటాండారు. ఈ క్రిస్మస్‌కు నీ క్లాసులో ఒక్కరు తప్పు చెప్పినా, క్లాసు వేరే వాళ్లకు ఇచ్చేస్తాం.”

నా పాటలు, కథలు అన్నీ మొదట పుట్టింది ఆ క్లాసులోనే. ఆ పిల్లలు నవ్వితేనే కాగితం మీద పెడతాను. అది పోతే నా రాతకు చెవులు పోయినట్టే.

మా చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రాం అంటే ఒక పద్ధతి ఉంది. సండే స్కూలు పిల్లలు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి కంఠత వాక్యం అప్పజెప్పాలి. చివర్లో అది ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ఏ వచనమో కూడా చెప్పాలి. సంఘ పెద్ద బైబిలు తెరుచుకుని పక్కనే కూర్చుని, అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ వింటాడు. అంతా కుదిరితే “సరే” అంటాడు, స్టీలు టిఫిన్ డబ్బా చేతికొస్తుంది. లేకపోతే “తప్పు”, అంతే, ఉత్త చేతులతో దిగాలి. నా కూతురు ఒక్క మాట మింగితే సొంత మనవరాలినే “తప్పు” అని కిందికి దింపిన మనిషి మా మామ. అది ఇంటికొచ్చేదాకా ఏడ్చింది.

నా క్లాసులో ఒక పాప ఉంది. వాళ్లమ్మ కూలికి పోతుంది, పాపను అవ్వ పెంచుతుంది. నలుగురిలో నోరు తెరవదు. రెండు క్రిస్మస్‌లు స్టేజీ ఎక్కి, పెదవులు బిగించుకుని నిలబడి దిగిపోయింది. దాన్ని పలికించడం కోసమే నేను క్లాసు పద్ధతి మార్చాను. ముందు అందరం కలిసి ఒక నవ్వు పాట, నోళ్లు తెరుచుకున్నాక వెంటనే వాక్యం. కుందూ నదిలో దిగి ఇంటికి రానని మొరాయించే గేదె మీద నేను కట్టిన ఎనుము పాటకు పాప పెదవులు కదిపేది. తర్వాత సన్నగా గొంతు కూడా కలిపేది. ఒక ఆదివారం నా చెవిలో తనకిచ్చిన కీర్తన వాక్యం మొత్తం చెప్పేసింది. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

క్రిస్మస్ ప్రోగ్రాం సాయంత్రం నా పిల్లలందరూ గడగడా చెప్పి డబ్బాలు తెచ్చుకున్నారు. ఆఖరుకు పాప ఎక్కింది. చర్చి అంతా గప్‌చుప్. పాప కళ్లు మూసుకుంది. గట్టిగా, గోడలు మోగేలా అందుకుంది:

“ఎనుము దిగింది కుందూలోన,
ఎవరు పిలిచినా రాదంట!
గడ్డి చూపితే కొమ్మూపుతాది,
గంజి చూపితే తోకూపుతాది,
ఇంటికి పోదాం రమ్మంటే
ఇంగా తానం కాలేదంట!”

ఊపిరి కూడా తీసుకోకుండా, “కీర్తనల గ్రంథము, ఇరవై మూడవ అధ్యాయము, ఒకటవ వచనము!” అని చేతులు కట్టుకుని నిలబడింది.

వెనక వరుసలో ఒక పెద్దాయన అలవాటు కొద్దీ “ఆమేన్” అన్నాడు. చర్చి పగలబడి నవ్వబోయి, మా మామ మొహం చూసి ఆగింది. అయిపోయింది నా క్లాసు అనుకున్నాను. మామ చెప్పిందే నిజమైంది, నా పాటే వాక్యాన్ని తినేసింది. అయినా సిగ్గుపడలేదు. ఏం, ఎందుకు పడాలి? ఆ గొంతు అక్కడ అలా మోగుతుంటే నాకు గర్వమే కలిగింది. ముందు వరుసలో వాళ్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మామ బైబిలులో పేజీలు తిప్పారు. ఆ అధ్యాయం తీశారు. వచనం మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించారు. పాప ఆయన వేలినే చూస్తోంది.

“సరే,” అన్నారు. “ఒక్క అక్షరం తప్పు లేదు.”

డబ్బా ఆయనే లేచి ఇచ్చారు. అప్పుడు చప్పట్లు చూడాలి!

ఇంటికొచ్చాక మామ అన్నం కూడా అడగలేదు. మంచం మీద కూర్చుని చాలాసేపు కండువా మడత పెట్టారు, విప్పారు.

“పుట్టి బుద్ధెరిగినంక అబద్ధం ఆడింది ఈ పొద్దే మ్మా. అదీ చర్చిలో, బైబిలు మీద వేలు పెట్టి.”

అన్నం వడ్డిద్దామని లేచాను.

“ఆ దయ్యం పుస్తకం యాడ పెట్టినావు? తే. ఎవురి రాతకు అబద్ధమాడినానో సూడాల గదా.”

తెచ్చి ఇచ్చాను. కళ్లద్దాలు కండువాతో తుడుచుకుని మొదటి పేజీ తెరిచారు. తెగించి అడిగాను.

“మరి నా క్లాసు మామా?”

ఆయన తలెత్తలేదు. వేలు అక్షరాల మీదే ఉంది.

“ఎవురన్నా తప్పు చెప్పినారా ఏంది?” అని పేజీ తిప్పారు.