సుభద్ర టీచరుగారు మెల్లగా మెట్లు దిగిన ఏడాది

ఈ ఉదయం రైతుబజారులో ఒకామె పనసకాయను కత్తితో టకటకా కొట్టి పొట్టు తీస్తోంది. జిగురుతో కలిసిన ఆ పచ్చివాసన తగలగానే బేరం సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. రామచంద్రపురంలో నేను మొదట ఉద్యోగం చేసిన ఆడపిల్లల స్కూలు, మధ్యాహ్నం స్టాఫ్‌రూములో సుభద్ర టీచరుగారు తెరిచే కారియరు, అందులో ఆవపెట్టిన పనసపొట్టు కూర, పక్క క్లాసులదాకా వినిపించే ఆవిడ నవ్వు, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆవిడ సోషల్ చెప్పేవారు. నేను తొంభైల చివర్లో లెక్కల టీచరుగా కొత్తగా చేరాను. మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి పిల్లల అల్లరికి తట్టుకోలేక కళ్లనీళ్లతో బయటికి వచ్చేస్తే, ఆవిడ కూర కలిపిన ముద్ద నా చేతిలో పెట్టి, "పిల్లలు నిన్ను చూసి భయపడ్డం లేదంటే సగం పాఠం వచ్చేసినట్టేనమ్మా. మిగతా సగం రేపు చెప్పు," అన్నారు. మర్నాడు నిజంగానే చెప్పగలిగాను.

నేను చేరడానికి ముందెప్పుడో వానలో ఇంటి మెట్లమీద జారిపడి ఆవిడకు భుజం విరిగిందట. ఎముక అతుక్కుంది గానీ, నొప్పికనీ నిద్రకనీ కంగారుకనీ రాసిన మాత్రలు అలాగే ఉండిపోయాయి. వెళ్లిన ప్రతి డాక్టరూ ఇంకోటి చేర్చినవారే తప్ప, ఉన్నది తీసేసినవారు లేరు. ఈ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. పుస్తకం చూడకుండా బోర్డుమీద దేశపటం గీయడం ఆవిడకు మంచినీళ్లు తాగినంత తేలిక. అలాంటిది ఒకరోజు గోదావరిని తీసుకెళ్లి అరేబియా సముద్రంలో కలిపేశారు. మా పిల్లలు ఊరుకుంటారా? "టీచర్, మన గోదావరిని ఎక్కడికి పంపించేస్తున్నారండీ!" అని ఒకటే గోల. "ఎప్పుడూ ఒకే సముద్రం ఏం చూస్తుందిలే అని పంపానే," అని ఆవిడా నవ్వేశారు. స్టాఫ్‌రూములోకి వచ్చాక మాత్రం నుదురు రుద్దుకుంటూ కూర్చున్నారు. "బుర్రలో మంచు పట్టినట్టుందమ్మా. ఈ మాత్రల వల్లే. ఇవాళ్టితో ఆపేస్తాను," అన్నారు.

అన్నంత పనీ చేశారు. రెండు మూడు రోజులకే ఒళ్లంతా చెమటలు, వణుకు, కంటిమీద కునుకు లేదు. ఆవిడ భర్త సత్యంగారు నెమ్మదైన మనిషి. ఆయనే స్కూలుకొచ్చి, "మీ మాటైతే వింటుందండి, ఒకసారి రండి," అన్నారు. ముగ్గురం కాకినాడ బస్సెక్కాం. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మగారు సంచిలోని మాత్రలన్నీ బల్లమీద పెట్టించి, ఏది ఎందుకని అడిగారు. సగం మాత్రలు దేనికో మాకే తెలియదు.

సుభద్రగారు తల వంచుకుని, "పదిమందికి చెప్పేదాన్నయ్యుండి ఇలా మందులకు అలవాటు పడ్డానండి. సిగ్గుగా ఉంది," అన్నారు.

"సిగ్గుపడాల్సింది మీరు కాదండి. మావాళ్లు రాసిచ్చారు, మీరు వేసుకున్నారు. ఒళ్లు అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకురావాలి."

"ఒక్కసారిగా దిగబట్టే కదండీ ఆనాడు భుజం విరిగింది! ఈసారి మెట్టు మెట్టూ చూసుకుని దిగుతాను లెండి," అన్నారు సుభద్రగారు. డాక్టరమ్మగారు పెద్దగా నవ్వేశారు. చాలా రోజుల తర్వాత సత్యంగారి మొహంలో కూడా నవ్వు చూశాను.

ఆ దిగడానికి ఇంచుమించు ఏడాది పట్టింది. ఎదుటివాళ్లు జంతికలు నమిలే చప్పుడుకు కూడా ఆవిడకు కోపం వచ్చేది. సత్యంగారు పాపం, "చప్పుడు చెయ్యవు కదండీ," అంటూ అరటిపళ్లతో సరిపెట్టుకునేవారు. రోజూ స్కూలు వదిలాక ఆవిడా నేనూ కాలవగట్టు మీద నడిచేవాళ్లం. ఒకరోజు ఆవిడ ఆగిపోయి, నా చేయి పట్టుకుని, "మందుల షాపులో నాకివ్వద్దని ఈయన చెప్పేశారు. నువ్వడిగితే ఇస్తాడు. ఒక్క అట్ట తెచ్చిపెట్టమ్మా," అన్నారు. నాకు ముద్ద పెట్టిన మనిషి, తల్లి వయసు మనిషి. "తేనండి," అన్నాను. "మీరు ఎంత కోప్పడినా తేను." ఆవిడ చేయి విదిలించుకుని, "నిన్నగాక మొన్నొచ్చావు, నువ్వా నాకు చెప్పేది!" అని గట్టుమీదే కూర్చుండిపోయారు. ఏం చెయ్యాలో తెలియక నేనూ పక్కనే కూర్చున్నాను. చీకటి పడుతున్నప్పుడు ఇద్దరం ఇంటికి నడిచాం.

మర్నాడు మధ్యాహ్నం కారియరు నా ముందుకు జరిపి, "రాత్రి నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. తిట్లు సగంలో ఉండగానే నిద్రపట్టేసింది," అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఆ నవ్వులకి చుట్టూ చేరిన టీచర్లందరికీ ఆవిడ తన సంగతంతా దాచుకోకుండా చెప్పేశారు. తర్వాత హిందీ టీచరుగారు హ్యాండుబ్యాగులోంచి ఒక అట్ట తీశారు. ఇంకొకరు ఇంకోటి. హెడ్‌మిస్ట్రెస్‌గారు కూడా సొరుగు లాగి, "నాదీ ఉందండి ఒకటి. దేనికిచ్చారో మరిచిపోయాను," అన్నారు. స్టాఫ్‌రూమంతా నవ్వులతో ఊగిపోయింది. "నాలాగ మీకు మీరే ఆపేసేరు సుమా! వెళ్లి ముందు డాక్టర్ని అడగండి," అని ఆవిడ పాఠం చెప్పినట్టు చెప్పారు. ఆ వేసవి సెలవులకు ముందే ఆఖరి మాత్ర కూడా మానేయమన్నారు డాక్టరమ్మగారు. ఆవిడ మా అందరికీ కాజాలు పంచారు.

రిటైరైన రోజు సభలో, "ఇన్నేళ్లలో నేను అడిగింది కాదన్నది ఈ లెక్కల అమ్మాయొక్కతే. అందుకే దీన్ని అందరికంటే ఎక్కువ తిట్టాను," అని ఆవిడ నావైపు చూపించినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేను తలెత్తలేకపోయాను. ఇప్పుడు సుభద్రగారు లేరు. వద్దని చెప్పాల్సిన సందర్భాలు మాత్రం వస్తూనే ఉంటాయి, పిల్లలతో, ఇంట్లోవాళ్లతో, ఒక్కోసారి స్నేహితులతో. చెబుతాను. వాళ్లు మొహం తిప్పుకుంటారు. అయినా లేచి వెళ్లిపోను. కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుని, వాళ్ల కోపం తీరేదాకా అక్కడే కూర్చుంటాను.