వదిన తొలి ఉపన్యాసం

మా వదిన గురించి పత్రికల వాళ్లు ఎప్పుడు రాసినా జైలుతో మొదలుపెట్టి శాసనసభతో ముగిస్తారు. చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రెండింటికన్నా ఆమెకు కష్టమైన చోటు హైదరాబాదు శాలిబండలోని మా ఇల్లే.

మాది పాల వ్యాపారం. 1930ల చివర్లో మా అన్నను పెళ్లాడి వచ్చిన వదిన, ఇంటి ఆచారం ప్రకారం మామగారి ఎదుట, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న ఎదుట, పెదవి విప్పేది కాదు. బాపుకు ఏదైనా చెప్పాల్సి వస్తే తలుపు చాటున నిలబడి నా చెవిలో వేసేది. నేను వెళ్లి అప్పజెప్పేదాన్ని. బాపు జవాబూ నా ద్వారానే వెళ్లేది. ఆ పెత్తనం నాకు తెగ నచ్చేది.

వదిన చదువుకున్న మనిషి. కొన్నేళ్లకు, మా పేటలో ఆడపిల్లలకు తెలుగు బడి కావాలని సభ పెడుతూ, ఆమెను మాట్లాడమని అడిగారు. ఆడమనిషి వేదికెక్కి ఏం మాట్లాడుతుందని పెద్దల్లో కొందరు అప్పటికే నవ్వుతున్నారు. తను తడబడితే ఇక మరో ఆడదాన్ని పిలవరని వదినకు తెలుసు. బాపు అడ్డు చెప్పలేదు సరికదా, కోడలికి ధైర్యంగా ఉంటుందని ఉతికిన షేర్వాణీ తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

వదిన లేచింది. బాపును చూసింది. కొంగు తల మీదికి లాక్కుని నేల చూస్తూ నిలబడిపోయింది. వెనక గుసగుసలు, ఆ తర్వాత నవ్వులు. బాపు ముఖం మాడిపోయింది. మరిచిపోయిందేమో, పోయి మాట అందించి రమ్మన్నాడు నాతో.

"మర్వలేదు బాపు. నువ్వు ముంగట కూసుంటే వదిన ఎట్ల మాట్లాడ్తది?" అన్నాను.

బాపు నా వైపు చూసి లేచాడు. అంతమంది మధ్య నుంచి నడిచి వెళ్లి బయటి అరుగు మీద కూర్చున్నాడు. కోపమొచ్చి వెళ్లిపోయాడనుకున్నారు జనం. వదిన కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. ఎంత బాగా మాట్లాడిందో నేను చెబితే, ఆడబిడ్డను కదా, గొప్పలు పోతున్నాననుకుంటారు. అందరికన్నా ముందు నవ్విన పెద్దమనిషే లేచి బడికి చోటు చూస్తానన్నాడు.

ఆ సాయంత్రం బాపు అన్నం ముట్టలేదు. అమ్మ భయపడి, కోడలు ఏమన్నా తప్పు మాట్లాడిందా అని అడిగింది.

"తప్పేం లేదు. ఇంట్లకొచ్చి ఇన్నేండ్లాయె, ఆమె గొంతు ఇయ్యాల్నే విన్న," అన్నాడు బాపు. "గది గూడ గోడ అవతల కూసోని."