డర్బన్ హాల్లో మా పేరంటాలు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. మా చెరకు తోటల కూలీ లైన్లలో మగపిల్లలు బడికి పోతే, ఆడపిల్లలు చంటివాళ్లను చంకనేసుకుని, అమ్మలు తోటనుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచేవారు. ఇంట్లో తెలుగు మాట ఉండేది, పాట ఉండేది, తిట్టు మరీ ఎక్కువగా ఉండేది గాని, దాన్ని కాగితం మీద పెట్టవచ్చునని మాకెవరూ చెప్పలేదు. తెల్లవాళ్ల రాజ్యం పోయి దేశం మారాక ఆంధ్రనుంచి వచ్చిన ఒక ఇంజనీరుగారి భార్య, గుడి పక్క గదిలో ముసలివాళ్లచేత కూడా దిద్దిస్తానంటే వెళ్లి కూర్చున్నాను. ఎన్నాళ్లుగానో మోస్తున్న ఈ సంగతి ఇప్పటికి గాని రాయలేకపోవడానికి అదే కారణం.

పోయిన వారం మనవరాలు నన్ను డర్బన్‌లో ఒక ప్రదర్శనకు తీసుకువెళ్లింది. బకెట్లు, పెనాలు, పాత ఇస్త్రీపెట్టెలు కలిపి మనుషుల్లాంటి బొమ్మలు చేసి దీపాల కింద నిలబెట్టారు. ఇదంతా కొత్తరకం కళ అని ఆ పిల్ల వివరంగా చెబుతోంది. నేను మాత్రం ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, పొట్ట మీద సొట్ట ఉందేమోనని చూస్తున్నాను.

ఆ సొట్ట మా తోడికోడలి బిందెది. ఆవిడను నేను అక్క అనేదాన్ని. నేను షాకాస్‌క్రాల్ లైన్లకు కాపురానికి వచ్చినప్పుడు పొయ్యి ఎలా రాజెయ్యాలో, అత్తగారి కోపం దిగేదాకా ఎక్కడ దాక్కోవాలో నేర్పింది ఆవిడే. లైను మొత్తానికి ఉన్న ఒకే కుళాయి దగ్గరనుంచి నీళ్లు తెస్తూ, ఒంట్లో జ్వరం ఎవరికీ చెప్పకుండా, ఇత్తడి బిందెతో సహా దారిలో పడిపోయింది. బిందె పొట్ట సొట్టపడింది, ఆవిడ మళ్లీ లేవలేదు.

భర్త ఉండగా పోయిన ఇల్లాలు ఆ ఇంటిని కాచే పేరంటాలవుతుందనేది మా పెద్దలు ఓడలో వెంట తెచ్చుకున్న నమ్మకం. ఏటా ఆవిడ రోజున అత్తగారు ఆ బిందెను పీట మీద పెట్టి, దాని మీద ఇత్తడి చెంబు నిలిపి, చెంబుకు పసుపు ముద్దతో ముఖం దిద్ది, బొట్టు పెట్టి, కొత్త చీర చుట్టేవారు. చూస్తూండగానే అక్క వచ్చి కూర్చున్నట్టు ఉండేది. పిల్లలు నా వెనక దాక్కునేవారు. మర్నాడు పసుపు కడిగేసి, బిందెనూ చెంబునూ గోనెలో చుట్టి, ఎవరికీ చెప్పకుండా ఎక్కడో దాచేవారు. మళ్లీ ఏడాదిదాకా ఆ చోటు ఎవరూ అడగకూడదు, ఆవిడ కూడా చెప్పకూడదు. ఊరికే లేపితే పేరంటాలు తిరుగుడు పడుతుందని భయం.

ఈ సంగతి జరిగింది మొదటిసారి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మేమూ అందరం ఓటు వేసిన ఏడాది. ఏం జరుగుతుందోనని జనం కొవ్వొత్తులూ డబ్బా చేపలూ కొని మంచాల కింద పేర్చుకున్న రోజులు. అప్పుడే మా లైన్లు పడగొడతామన్నారు; అందరం కొత్త ఇళ్లకు సామాను సర్దుకుంటున్నాం. ఉమ్‌హ్లాలి వైపునుంచి ఒక జులూ అమ్మాయి, బొమ్మలు చేయడం చదువుకుంటున్నదట, ఇంటింటికీ వచ్చి పాత వంటసామాను అడిగింది. ఈ వంటిళ్లన్నీ కలిపి ఒక ఆడమనిషిని చేస్తాను, లైన్లు పోయినా ఆవిడ నిలబడి ఉంటుంది అన్నది. మా ఆయన ముచ్చటపడి కొట్టంలో మూలనున్న గోనె కూడా ఎత్తి ఇచ్చేశారు.

అక్క రోజుకు ముందు సాయంత్రం అత్తగారు కొట్టంలోకి వెళ్లి, ఖాళీ చేతులతో బయటికి వచ్చారు.

"ఆ గోనెలో ఏముందో నాకేం తెలుసమ్మా, రబిష్ అనుకొని ఇచ్చేసినా," అన్నారు మా ఆయన.

"రబిష్ నీ మొగం! ఇంటి కోడల్ని రబిష్ అని ఇచ్చేస్తివి కదరా, సచ్చినోడా! రేపు లైను కూల్చేస్తే అది ఏడికొస్తాదిరా, ఎవురింటికి పోతాదిరా?"

ఆ భయం నాకూ ఉంది. మేము కొత్త ఇంటికి పోతే, చీర లేకుండా, దారి తెలియకుండా అక్క ఎక్కడ తిరుగుతుంది? అప్పటికప్పుడే అత్తగారూ నేనూ ట్యాక్సీ ఎక్కి, బొమ్మను చూడటానికి రమ్మంటూ ఆ అమ్మాయి చెప్పిన గుర్తుల మీద డర్బన్‌లో గ్రే స్ట్రీట్ వెనక హాలుకు చేరాం.

లోపల అక్క నిలబడి ఉంది. ఆ అమ్మాయికి మా ఆచారం ఏమీ తెలియదు, అయినా బిందె మీద చెంబే పెట్టింది. జల్లెడలు, గరిటెలు, స్టవ్వు కాళ్లు చుట్టూ తీగతో కట్టింది. సొట్ట ముందువైపుకే తిప్పింది. ఎడమచేతిలో ఒక ఎనామిల్ కప్పు ఉంది. అత్తగారు, "లో బిందె గామినా," అన్నారు, ఈ బిందె నాదే అని, తోటల్లో పనివాళ్లతో మాట్లాడే ఫనకలో భాషలో.

"తెలుసు గోగో, విప్పి ఇచ్చేస్తాను," అన్నది ఆ అమ్మాయి, ముసలమ్మను అవ్వా అని పిలిచినట్టు. తర్వాత కప్పు మీద చెయ్యి వేసి, ఇది మా అన్నయ్య కప్పు, పోయిన ఏడాది పార్టీల గొడవల్లో ఇంటినుంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు, దీన్ని ఎవరి చేతిలో పెట్టాలో తోచక ఈవిడ చేతిలో పెట్టాను అని మెల్లగా చెప్పింది.

అత్తగారు ఆ కప్పులోకి తొంగి చూశారు. తర్వాత సంచిలోంచి బంతిపువ్వు తీసి, రేకులు తడిపి, చెంబుకు కుడివైపొకటి, ఎడమవైపొకటి అంటించారు. ఏ పనికైనా పేరంటాలను అలాగే అడుగుతాం. కుడిరేకు ముందు రాలితే సరేనని, ఎడమది రాలితే కాదని.

"ఇంటికి రావే తల్లీ. కొత్తింట్లో నీకు గూడు కట్టిస్తా. నీకేం తక్కువ చేసినామే?"

ముగ్గురం రేకులకేసే చూస్తున్నాం. ఎడమరేకు జారి, తిన్నగా ఆ కప్పులో పడింది.

అత్తగారు మళ్లీ అడగలేదు. తెచ్చిన చీర అక్కడే చుట్టి, పసుపు దిద్ది, బొట్టు పెట్టారు. చూడవచ్చినవాళ్లు ఇదీ బొమ్మలో భాగమేననుకుని చుట్టూ నిలబడ్డారు. తిరుగు ట్యాక్సీలో ఒక్క మాటే అన్నారు: "దానికి ఆ పిల్లోడికి నీళ్లు పొయ్యాలనుందే."

ఆ బొమ్మ తర్వాత ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. లైన్లున్న చోట ఇప్పుడు కంచె వేసిన మేడలున్నాయి, మా ఇంట్లో గదికొక కుళాయి ఉంది. పోయినవాళ్లను ఫోటోల్లో పెట్టి దండ వేస్తున్నాం గాని, వాళ్లను ఏమీ అడగడం లేదు. అడిగినా రేకు రాలేదాకా ఆగే తీరిక మనలో ఎవరికుంది? ఎప్పుడైనా ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నీళ్లు మోసేవాళ్ల గాజుల చప్పుడు వినిపిస్తుంది. నేను వెనక్కి తిరిగి చూడను.

ఆ హాలునుంచి వచ్చిన మర్నాడు పొద్దున, అక్క రోజున, అత్తగారు మంచం దిగలేదు. నేను తలస్నానం చేసి, పరమాన్నం వండి డబ్బాలో పెట్టి, లైను కుళాయి దగ్గర ఒక సీసాలో నీళ్లు పట్టుకున్నాను. బస్సు మీద రాసింది చదవడం రాక, కనిపించినవాళ్లనల్లా డర్బనేనా అని అడుగుతూ, జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నే ఊరు దాటాను. హాలు కాపలా ఆయన లోపల తినకూడదన్నాడు. తినడానికి రాలేదన్నాను. పరమాన్నం ఆకులో పెట్టి అక్క ముందు ఉంచి, ఆ కప్పులో అంచుదాకా నీళ్లు పోశాను.